ముక్కు మామ ఎంచిన సీసా

ముక్కు మామ మూత తియ్యని విస్కీ సీసాని వాసన చూసి, ఆ పీపా నింపినవాడు ఆ రోజు ఎన్నిసార్లు తుమ్మాడో చెప్పగలడు. సరే, తుమ్ముల సంగతి కాస్త ఎక్కువైంది. మూత కూడా తియ్యాల్సిందే. కానీ ఆ పీపాలో అంతకుముందు షెర్రీ వైన్ ఉండేదా లేదా అన్నది మాత్రం తడుముకోకుండా చెప్పేవాడు.

మందు షాపు కౌంటర్లో అతని కొలువు ఆ ముక్కు మీదే నిలిచింది. ఏటా కంపెనీలు పంపే శాంపిళ్లలోంచి, జేబుకి భారం కాకుండా రోజూ సాయంత్రం ఒక పెగ్గు వేసుకోదగ్గ సింగిల్ మాల్ట్ ఒకటి ఎంచేవాడు. ఓనరు దాన్నే ముందు అరలో పెట్టించేవాడు.

ఒక జ్వరం ఆ ముక్కుని తుడిచిపెట్టేసింది. స్టవ్ మీద పాలు మాడి వంటిల్లంతా కమురు కొడుతున్నా, పక్కనే కూర్చుని పేపరు తిరగేస్తున్న మొగుణ్ని చూసి భార్యకి విషయం అర్థమైంది.

"ఓనరుకి తెలిస్తే గోడౌన్లో అట్టపెట్టెలు మొయ్యమంటాడే. ఈ నడుముతో నావల్ల కాదు," అన్నాడు.

ఆవిడకి మందు వాసనంటేనే పడదు. తాగొచ్చిన రోజు మొగుడి పక్క వరండాలోనే. అలాంటిది, ఆ ఏటి శాంపిళ్లు మూడింటినీ స్టీలు గ్లాసుల్లో పోసి, చెంచాడు నీళ్లు కలిపి, కళ్లు మూసుకుని వాసన చూసింది.

"మొదటిది పంక్చర్ షాపండీ. రెండోది తడి గోనెసంచి. ఇదిగో, ఇది నయం. ఎండుద్రాక్ష డబ్బా మూత తీసినట్టుంది. వెనకాల కొత్త బీరువా."

"మరి నాలుక మీద?"

"అబ్బో, సంబడం. అదొక్కటే తక్కువైంది," అంటూనే చిటికెన వేలు ముంచి నాకింది. "ముందు తీపి, తర్వాత ఘాటు. అచ్చం మన పెళ్లే."

ఎండుద్రాక్ష అంటే షెర్రీ పీపా, బీరువా అంటే ఓక్ చెక్క. ఆ మాటలే మర్నాడు షాపులో దర్జాగా వల్లించాడు. సీసా బాగా అమ్ముడుపోయింది.

మరుసటి ఏడు శాంపిళ్లు వచ్చేసరికి ఆవిడ ఊపిరితిత్తులు చెడి ఆస్పత్రిలో ఉంది. ఇద్దరికీ కలిపి మిగిలిన ఒక్క ముక్కుకీ ఆక్సిజన్ గొట్టం పెట్టారు. అతను శాంపిళ్లని టిఫిన్ క్యారియర్లో దాచి పట్టుకెళ్లాడు.

"ఒక్కసారి ఆ గొట్టం తియ్యవే. ఒక్క క్షణం."

తీసింది. అన్నీ వాసన చూసింది. దగ్గు తెర ఆగాక, "రెండోదండీ. ఎండుద్రాక్ష, కొత్త బీరువా," అంది. నర్సు వచ్చి, మందు వాసనకి మండిపడి, గొట్టం తిరిగి పెట్టి, అతన్ని బయటికి పంపేసింది.

మర్నాడు ఓనరు రెండో శాంపిల్ ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. "ఎండుద్రాక్షేంటి మామా, కాలిన తారులా ఉంటేనూ? అంతా పొగ. నీకు తెలియట్లేదా?"

అప్పుడు తట్టింది అతనికి. ఆవిడకి ఏ వాసనా అందలేదు. మొగుడి కోసం పోయినేటి మాటలే అప్పజెప్పింది. అదే అడుగుదామని సాయంత్రం ఆస్పత్రికి వెళితే మంచం ఖాళీగా ఉంది.

ఇప్పుడు గోడౌన్లో పెట్టెలు మోస్తున్నాడు. పగిలిన సీసాలు కారి, అందరూ ముక్కు మూసుకుని నడిచే మూల, తడిసిన అట్టపెట్టె మీదే కూర్చుని క్యారియర్ విప్పుకుంటాడు. ఎవరైనా ఈ సంగతి కదిపితే నమలడం కూడా ఆపడు.

"ఎవడు పుట్టించాడ్రా ఈ కథ? నా ముక్కుకేం, నిక్షేపంలా ఉంది. కౌంటర్లో నిలబడలేక నేనే ఇక్కడికి అడిగి వచ్చాను. మా ఆవిడ జన్మలో మందు గ్లాసు ముట్టలేదు. ఆ గొట్టం ఎవరూ తియ్యలేదు."