వదిన బిగించిన నట్లు

నేను చేసిన తప్పును మా వదిన చేతి మీద వేసి, ఏళ్ల తరబడి అక్కడే ఉంచేశాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో. ఇంట్లోవాళ్లకు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా తెలియదు.

నేను సిరిసిల్లలో సాంచాలు బాగుచేస్తాను. పవర్‌లూమ్‌ను మా దగ్గర సాంచా అంటాం. మా అన్నది కోరుట్లలో బట్టల దుకాణం. పెళ్లయిన కొత్తలో వదిన అక్కడే గల్లా దగ్గర కూర్చునేది. ఆ కూర్చోవడం ఆమెకు తొందరగానే విసుగొచ్చింది. అన్న వెంటపడి ఒక పాత కారు కొనిపించింది. జగిత్యాలలో డ్రైవింగ్ నేర్చుకుంది. చీరల మూటలు వెనక సీట్లో వేసుకుని గొల్లపల్లి, ముత్యంపేట వైపు తిరిగి, ఆడవాళ్ల వాకిళ్లలోనే అమ్మకం పెట్టింది. దుకాణంలో అన్న ఈగలు తోలుకుంటుంటే వదిన మూటలు ఖాళీ చేసుకుని వచ్చేది. స్టీరింగ్ అంత ధీమాగా పట్టుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. మగవాళ్లను కూడా కలిపే చెబుతున్నాను.

కానీ నాకు అంతకంటే ఇష్టమైనది ఆమె చక్రాల నట్లు శుభ్రం చేస్తుంటే చూడటం. నవ్వకండి. ఒకసారి దారిలో టైరు పంచరైతే, నట్లు తుప్పుతో బిగుసుకుపోయి పానాకు కదల్లేదట. మండుటెండలో రోడ్డు పక్కన పడిగాపులు కాసిందట. ఆ రోజు నుంచి ఆమెకు తుప్పు అంటే పగ. వానలు పడి, బురద దారులు తిరిగి వచ్చిన ప్రతిసారీ వాకిట్లో పీట వేసుకుని కూర్చునేది. నట్ల మీది ప్లాస్టిక్ టోపీలు తీసి సబ్బునీళ్లలో పడేసేది. ఒకసారికి ఒక నట్టు మాత్రమే విప్పేది. అన్నీ ఒక్కసారి విప్పడం ఆమెకు గిట్టదు. పాత పళ్ల బ్రష్‌తో మట్టి తోమేది, తుప్పు ఉన్నచోట ఇనుప బ్రష్‌తో గీకేది, పాత నూలుగుడ్డతో తడి లేకుండా తుడిచేది. చక్రానికి ఆనే ఏటవాలు అంచును వేలితో తడిమి చూసి, పొడిగా ఉంటేనే మళ్లీ ఎక్కించి గట్టిగా బిగించేది. తర్వాత దాని ఎదురుగా ఉన్నది. అన్నీ అయ్యాక పానా రెండు చేతులతో పట్టి ఇంకోసారి చూసుకునేది. నూనె అన్నిటికన్నా చివర, బిగించిన నట్టు తల మీద మాత్రమే, వేలి కొసతో పల్చగా. పైన టోపీ. అంతే. పసిబిడ్డకు స్నానం చేయించినంత ఓపిక. ఆ పనిలో ఉన్నప్పుడు ఫోను మోగినా ఎత్తేది కాదు.

ఇంత చూసినవాడిని, ఊరికే చూసి ఊరుకోవచ్చు కదా? ఊరుకోలేదు. నా బతుకంతా నూనెలోనే గడిచింది. నూనె పెట్టకుండా సాంచా మీద ఒక్క బోల్టు ఎక్కించను. ఇంకో అలవాటు కూడా ఉంది. సాంచాకు కొత్త భాగం వేసినప్పుడు నట్లు మొదట సగమే బిగిస్తాం. కాసేపు నడిపి, శబ్దం విని, అప్పుడు పూర్తిగా బిగిస్తాం. మా ఉస్తాద్ నేర్పిన పద్ధతి అది. ఇనుము ఎక్కడున్నా ఇనుమే అనుకున్నాను. వదిన నట్లను పొడిగా ఎక్కిస్తుంటే నా చేతులు దురద పెట్టేవి. చెబితే వినదు. బోల్టు మర చుట్లు పొడిగానే ఉండాలి, నూనె తగిలితే పట్టు తెలియదని జగిత్యాల మెకానిక్ చెప్పాడని అనేది.

ఒక వానాకాలం నేను కోరుట్ల వెళ్లాను. వదిన నాలుగు చక్రాలూ ముగించి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లింది. నా సంచిలో సాంచా నూనె ఉంది. ఒక్క చక్రానికి నా పద్ధతిలో పెట్టి, వచ్చే ఏడు తుప్పు దేనికి పడుతుందో చూపించాలనుకున్నాను. ఆమెను గెలవాలనుకున్నానా? అవును. ఇప్పుడు దాచడమెందుకు. జాకీ పెట్టి ముందు చక్రం నట్లన్నీ విప్పాను, నూనెలో ముంచాను, ఎక్కించి సగం బిగించాను. కారును వీధి చివరిదాకా నడిపి వచ్చి పూర్తిగా బిగిద్దామనుకుని, ఎవరికీ అనుమానం రాకుండా టోపీలు కూడా పెట్టేశాను. అంతలో సిరిసిల్ల నుంచి ఫోను. సాంచా షాఫ్టు విరిగింది, సేటు కేకలేస్తున్నాడు. సంచి భుజాన వేసుకుని బస్సెక్కాను.

మరిచిపోయానని చెబితే మీరు నమ్ముతారు. సగమే నిజం. బస్సులో గుర్తొచ్చింది. ఫోను చేతిలోనే ఉంది. చేస్తే ముందు నూనె సంగతి చెప్పాలి, చెబితే వదిన ఆటపట్టిస్తుంది. ఆ చిన్న సిగ్గు కోసం ఫోను జేబులో పెట్టుకున్నాను. ఇవాళ ఎక్కడికీ పోదులే, సాయంత్రం మెల్లగా చెప్పొచ్చులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

కానీ ఆమె ఆ రోజే వెళ్లింది. అన్న దగ్గరే ఉండే మా అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని జగిత్యాల ఆసుపత్రికి బయలుదేరింది. దారిలో చక్రం దగ్గర టకటకమని శబ్దం వచ్చిందట. వదిన కంగారుపడలేదు. బ్రేకు గట్టిగా తొక్కకుండా వేగం తగ్గించి పక్కకు తీసింది. ఆగబోతుండగా చక్రం ఊడిపోయి కారు ఒరిగింది. అమ్మ మణికట్టు విరిగింది. ఇంకొకరెవరైనా స్టీరింగ్ పట్టి ఉంటే అమ్మ ఇవాళ మాకు ఉండేది కాదు. అక్కడికి వచ్చినవాళ్లంతా ఆ మాటే అన్నారు.

మర్నాడు నేను వెళ్లేసరికి వదిన ఆసుపత్రి వరండాలో నిలబడి ఉంది. నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, నేను లోపలికి పోయినంక నువ్వేమన్న ముట్టినవా గా చక్రాన్ని?"

"లే వదినా. నేనెందుకు ముడ్త?"

"మరి బోల్టులకు లోపల్దాంక నూనె ఎట్లచ్చింది? నేను మీదికే రాస్త గదా."

"నీ చేతికున్న నూనెనే తాకిందేమో. తొందర్ల మంచిగ బిగియ్యకపోతివేమో."

ఆమె తన అరచేతి వైపు చూసుకుంది. "గట్లనే అయితుండచ్చు" అంది. "నేనే మరిచిపోయిన్నేమో, తమ్మీ."

ఒక్క క్షణంలో నమ్మేసింది. తన కళ్లతో చూసుకున్న పనిని కాదని నా మాట నమ్మింది. ఎందుకు నమ్మింది? నేను ఇనుముతో పనిచేసేవాణ్నని. ఆమె ఎవరి మీదా నెపం వేయలేదు. ఇంటికొచ్చిన ప్రతి బంధువుకూ తప్పు తనదేనని తానే చెప్పింది. అన్న కారు తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. కొన్నాళ్లకు డ్రైవర్‌ను పెట్టాడు. ఊళ్లలో అమ్మకం ఆగిపోయింది. వదిన మళ్లీ గల్లా దగ్గరికి చేరింది.

కారు నట్లు ఇప్పటికీ ఆమే శుభ్రం చేస్తుంది. అదే పీట, అదే ఓపిక. అన్న తర్వాత కొన్న కొత్త కారుకు ఇన్ని వానలు గడిచినా ఒక్క నట్టుకూ తుప్పు లేదు. బిగించడం మాత్రం డ్రైవర్‌కు వదిలేసి పక్కకు జరుగుతుంది. ఆ జరగడం చూడలేక నేను ఏదో పని ఉన్నట్టు వీధిలోకి వెళ్లిపోతుంటాను.

ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాను. మొన్న ఆదివారంతో అది కుదరకుండా పోయింది. వదిన కూతురు డిగ్రీ అయిపోయి ఇంట్లోనే ఉంది. తాను కారు నేర్చుకుంటానని పట్టుబట్టింది. వదిన అంది: "వద్దు బిడ్డా. నాతోనే కాలె. మన చెయ్యి గట్టిది గాదు."

పిల్ల తల వంచుకుంది. నేను అక్కడే కూర్చుని టీ తాగుతున్నాను. కప్పు కింద పెట్టలేదు. ఆసుపత్రి వరండాలో నేను తల్లికి చెప్పిన అబద్ధం నా కళ్ల ముందే కూతురికి చేరుతుంటే, చక్కెర తక్కువైందని అన్నాను.

వదిన నన్ను క్షమిస్తుందా అని మిమ్మల్ని అడగడం లేదు. అది ఆమె ఇష్టం. క్షమించకపోతే అది న్యాయమే. ఆమె పోగొట్టుకున్న రోడ్లను, ఊళ్లను, ఆ ధీమాను నేను తిరిగి ఇవ్వలేను. రేపు కోరుట్లకు వెళతాను. నోరు పెగులుతుందో లేదో తెలియదు. పెగలకపోతే ఈ కాగితం ఆ పిల్ల చేతిలో పెట్టి, తల్లికి వినపడేలా చదవమంటాను. ఇంత రాశాక ఛాతీ మీది బరువు కొంచెం దిగింది. ఆ మాత్రం హాయికి కూడా నేను తగనేమో, అయినా దిగింది.

చక్రం విప్పింది నేను. సగం బిగించి వదిలేసింది నేను. ఆ రోజు వదిన నట్లన్నీ గట్టిగా బిగించిన తర్వాతే లోపలికి వెళ్లింది.