ఎవరిస్తో సంకటి కారు

ఏటా ఫిబ్రవరిలో మా ఊరి కార్ల రేసు జట్టు కొత్త కారు మీది ముసుగు తీస్తుంది. అది ఎలా ఉండబోతోందో ముందే చెప్పేయకపోతే నా నేస్తం ఎవరిస్తోకి ముద్ద దిగదు. నోటితో చెప్పి ఊరుకుంటే నేనిలా నీరసించిపోయేవాణ్ణి కాదు. మొక్కజొన్న సంకటి వండి, చల్లార్చి, గట్టిపడ్డాక చాకుతో కారు చెక్కి, నోర్మా కాఫీ కొట్టుకి మోసుకొస్తాడు. వాడి పక్క కుర్చీ నాది కావడం నా ఖర్మ.

ఇన్నేళ్ళలో ఒక్కసారీ నిజం కాలేదు. ఒక ఏడాది డ్రైవరు కూర్చునే చోటే మర్చిపోయాడు.

"మరి వాడెక్కడ కూర్చుంటాడ్రా?" అన్నాను.

"అది జట్టు చూసుకుంటుంది. అన్నీ నేనే చెప్పాలా?"

అసలు కారు బయటికొచ్చి, దానికీ వీడిదానికీ చక్రాలు తప్ప పోలికే లేదని తేలినా తప్పు ఒప్పుకోడు. "వాళ్ళే తప్పుగా కట్టారు. సీజన్ మొదలవనీ, ఏడుస్తారు," అంటాడు. మా జట్టు చాలా కాలంగా ఓడి ఏడుస్తూనే ఉంది కాబట్టి ఎదురు చెప్పడానికి మాకు నోరు రాదు.

ఈ చలికాలం మాత్రం నవ్వులు తగ్గాయి. కొత్త కారు రహస్యమేదో బయటికి పొక్కిందని జట్టువాళ్ళు ఒక్కొక్కరినీ నిలదీస్తున్నారు. నోర్మా కొడుకు లోరిస్ అక్కడే డిజైన్ విభాగంలో పనిచేస్తాడు. మధ్యాహ్నం తిండి అమ్మ కొట్లో, అదీ మా బల్ల దగ్గరే. ఇక అనుమానం ఎవరిమీదికి పోతుంది?

"ఇంకొక్క మాట బయటికొస్తే ఉద్యోగం పీకేస్తామన్నారట," అంది నోర్మా. "ఎవరిస్తో బాబాయ్, నీకు దణ్ణం పెడతాను, ఈ ఒక్క ఏడాదీ ఆ సంకటి మానెయ్యవా?"

"చెక్కనీ నోర్మా," అన్నాను నేను. "మీవాడు ఏమీ చెప్పట్లేదనడానికి వీడి కారుకి మించిన సాక్ష్యం ఏముంది?"

ఎవరిస్తో సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ప్రాణం హాయిగా ఉంది.

ముసుగు తీసే రోజు కొట్టు కిటకిటలాడింది. మూల బల్ల దగ్గర జట్టు పంపిన కాపలా మనిషి కాఫీ కలుపుతూనే ఉన్నాడు, తాగడం లేదు. నోర్మా తుడిచిన గ్లాసులే మళ్ళీ తుడుస్తోంది. సంకటి కారు మా బల్ల మీద తుండుగుడ్డ కింద ఉంది. టీవీలో ముసుగు లేవగానే ఇక్కడ గుడ్డ లేవాలి. అది వీడు పెట్టిన ఆచారం.

టీవీలో ముసుగు లేచింది. కారు ముక్కు మధ్యలో పెద్ద కంత, దానికి రెండు పక్కలా రెండు కొనలు. అలాంటి ముక్కు మేమెవరం పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎవరిస్తో గుడ్డ అంచు కాస్త ఎత్తాడు. నేను తొంగి చూశాను. అదే కంత. అవే రెండు కొనలు.

"ఒరేయ్! ఇది అచ్చం..." అన్నానో లేదో, ముక్కు విరిచి నా నోట్లో కుక్కేశాడు. మిగతా కారు తను మొదలుపెట్టాడు.

"ఏదీ, నీ కారేదీ?" అని జనం మూగేసరికి వెనక రెక్క నములుతున్నాడు. కాపలా మనిషి కూడా లేచొచ్చాడు.

"చూపించేలా లేదు," అన్నాడు ఎవరిస్తో, గుటక పడక కళ్ళనీళ్ళు తిరుగుతుండగా. "ఈసారి నాదే తప్పు. పూర్తిగా తప్పు."

కొట్టంతా ఈలలూ చప్పట్లూ. టీవీలో కారు సంగతి మర్చిపోయి, "మళ్ళీ అను! ఇంకోసారి అను!" అని వాడి వెంట పడ్డారు. కాపలా మనిషి నవ్వేసి, చల్లారిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. నోర్మా గ్లాసు పక్కన పెట్టి కుర్చీలో కూలబడింది.

బయటికొచ్చాక అడిగాను. "నిజం చెప్పు, లోరిస్ చెప్పాడా?"

"వాడా? ఉప్పు అందించమన్నా భయపడుతున్నాడు పాపం! పొద్దున మోసుకొస్తుంటే తలుపు తగిలి, ముక్కు మధ్యలో ముక్క ఊడింది. అతికించే ఓపిక లేక వదిలేశా."

"ఆ మాటే చెప్పొచ్చుగా! జన్మకోసారి నిజమైంది!"

"నువ్వు నమ్ముతున్నావా?"

ఎంత ఆలోచించినా నమ్మబుద్ధి కాలేదు.

"చూశావా, నువ్వే నమ్మట్లేదు. ఆ కాపలావాడు నమ్ముతాడా? పిల్లాడి పొట్ట కొట్టడానికా నేను కారు చెక్కేది?"

నాలుగడుగులు వేసి, కడుపు పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఒరేయ్ ఆల్దో, నువ్వొక్కడివే చూశావు. నిజంగా అలాగే ఉందా?"

"అచ్చు గుద్దినట్టుందిరా," అన్నాను.