దూదేకే విల్లు నా చేతికొచ్చిన సాయంత్రం

ఢిల్లీలో ఆ పెద్దాయనను కాల్చి చంపిన సాయంత్రం ఎక్కడున్నారని నా ఈడువాళ్లను అడిగితే రేడియో దగ్గరనో, ఆటలోనో అంటారు. నేను మా పెరట్లో, ముక్కునిండా దూదితో ఉన్నాను.

పోలీసు చర్యకు ముందటి చలికాలం అది. సికింద్రాబాదులో రెజిమెంటల్ బజార్ వెనక సందు మాది. అక్క పురిటికొచ్చింది. పరుపు కుట్టడానికి బొల్లారం నుంచి దూదేకుల మామ వచ్చాడు. ముసల్మాను, ఇంట్లో మాట్లాడేది మాత్రం మాలాగే తెలుగు. ఏటా చలికి మా ఇంటికి ఆయనే రావాలి. కొయ్యతో విల్లు నారిని కొడుతుంటే ఠంగుఠంగున మోగి దూది పొగలా లేచేది. ఆ విల్లు మమ్మల్ని ముట్టనిచ్చేవాడు కాదు. దానికి సలాం పెట్టి పని మొదలుపెట్టే మనిషి, నాలాంటి కోతికి ఇస్తాడా మరి.

పొద్దు వాలుతుంటే నాన్న ఉరుక్కుంటూ వచ్చాడు. దేశమంతా తాతగా చూసుకున్న మనిషిని, ప్రార్థనకు పోతుంటే ఎవరో కాల్చి చంపారట. హోటల్ రేడియోలో చెప్పారట. చంపినవాడెవరో ఇంకా తెలియదు గానీ, ముసల్మానే అయివుంటాడని సందు మొగలో అప్పుడే తీర్పు చెప్పేస్తున్నారు.

మామ లేచి విల్లు భుజానికెత్తుకున్నాడు. ఇంటి దగ్గర బిడ్డ ఒక్కతే ఉందట. కానీ ఆ విల్లుతో బొల్లారం దాకా నడిస్తే ఆయనెవరో ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. అమ్మ అడ్డం నిలబడింది. ఏకిన దూదిని దీపాలు పెట్టేలోగా పరుపు సంచిలో కుక్కి కుట్టాలి కదా, అట్లా వదిలేసి పోవడం ఎక్కడైనా ఉందా అని దబాయించింది. ఆ మాటకు కట్టుబడి ఆయన కూర్చున్నాడు, మిగిలింది ఏకసాగాడు. అమ్మ తెలివికి మేం మురిసిపోతుండగానే తలుపు చప్పుడైంది. ఆ ఠంగుఠంగు సందు చివరిదాకా వినబడుతుందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మామ చేయి ఆగింది. విల్లు తెచ్చి నా చేతిలో పెట్టి, దూది మూటల వెనక ఒదిగాడు.

దూదేకులాయన ఉన్నాడా అని బయట నుంచి అడిగారు.

"ఎప్పుడో పోయిండు. విల్లు ఈడనే పెట్టిండు, పిల్ల ఆడుతున్నది," అంది అమ్మ.

నేను కొట్టాను. ఠప్పుమని చచ్చు మోత వచ్చింది. మళ్లీ కొట్టాను. అంత అధ్వానంగా ఏ దూదేకులాయనా కొట్టడు కాబట్టి నమ్మి వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది, అది భయంతోనే.

కాసేపటికి నాన్న హోటల్‌ దాకా పోయి వచ్చాడు. చంపినవాడు హిందువేనని రేడియో చెప్పిందట. మామను బొల్లారంలో తనే దిగబెట్టి వస్తానన్నాడు. బతికిపోయాం అనుకుంటూ అమ్మ గోడకు చేరగిలబడింది.

మామ దూదిలోనే కూర్చుని ఏడ్చాడు. ఇంకేం భయం లేదు అన్నా, అని అమ్మ సముదాయించబోయింది.

"భయానికి కాదు చెల్లె," అన్నాడు. "ఇంతసేపు అల్లాకు ఒక్కటే మొక్కిన, చంపినోడు మావోడు కావద్దని. పోయిన ఆయన కోసం ఒక్క దువా సుత చెయ్యలే."

ఆ సాయంత్రం మా ఇంట్లో, పోయినాయన కోసం ఏడ్చింది మామ ఒక్కడే.