‘పోయొస్త’ అనే బటన్

నేను వీడియో గేములకు కథలు, మాటలు రాస్తాను. "అదో ఉద్యోగమా?" అని అడిగే బంధువులకు జవాబు చెప్పి చెప్పి విసిగిపోయాను. కంపెనీలు మారాను, ఊళ్లు మారాను. జహీరాబాద్‌లో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషిని చేసుకున్నాక ఇంట్లోంచే రాస్తున్నాను. కుదురు మాత్రం రాలేదు. ఒక వాక్యం రాస్తే వరండాలో రెండు చుట్లు తిరగాలి, లేకపోతే రెండోది రాదు.

ఈ మధ్య రాసిన ఆటలో చిరాగ్‌పల్లి దగ్గర హైవే మీద ఒక టీ హోటల్ ఉంటుంది. ఆడేవాళ్లు చాయ్ కాస్తారు, లారీ డ్రైవర్లు వచ్చి కూర్చుని తమ గోడు చెప్పుకుంటారు. అంతే. కాల్చుకోవడాలు, నరుక్కోవడాలు లేవు. ఇన్నేళ్లలో మొదటినుంచి చివరిదాకా నా బుర్రలో పుట్టిన ఆట అదొక్కటే. దాన్ని ఆపేస్తామన్నారు. జనం కాసేపు ఆడి మూసేస్తున్నారట, మళ్లీ తెరవడం లేదట. వారంలోగా ఏదో ఒకటి చెయ్యమని హైదరాబాద్ నుంచి మా మేనేజరు ఫోన్. ఇల్లంతా కాలు కాలిన పిల్లిలా తిరిగాను.

మా అత్తమ్మ ఆ ఆట ఆడేది. ఒకరోజు చూద్దును కదా, ఫోన్ పక్కన పెట్టుకుని పప్పు ఏరుతోంది, ఆట నడుస్తూనే ఉంది.

"మూసెయ్యొచ్చు కదా అత్తమ్మా, ఛార్జింగ్ అంతా అయిపోతుంది."

"ఎట్ల మూస్త? నిష్క్రమించు అని ఏందో రాసినవ్. మనిషి ఎదురుంగ కూసున్నంక పోయొస్త అని చెప్పకుంట లేస్తరా ఎవలన్న?"

నిజమే. మన ఇళ్లలో "పోతున్నా" అంటేనే తిట్టిపోస్తారు, పోయొస్తాననాలి. ఆ బటన్ మీద మాట మార్చి "పోయొస్త" అని పెట్టాను. నొక్కితే డ్రైవరు "మంచిది, పైలంగ పోయిరా" అంటాడు. మేనేజరుకు తెగ నచ్చింది. కానీ ఆయన బుర్ర ఎటు పోయిందో చూడండి: "అంత తేలిగ్గా పంపించెయ్యకండి. డ్రైవరు బతిమాలాలి. లేవాలంటే వాళ్లకు మనసొప్పకూడదు."

ఒళ్లు మండింది. కానీ ఆట బతకాలి కదా, రాశాను. "అప్పుడేనా? అందరు గిట్లనే లేసి పోతరు. నాకెవలున్నరు?" కుర్చీలోంచి లేవకుండానే వచ్చేసింది ఆ మాట.

పనిచేసింది. జనం ఆటలోంచి లేవడం లేదని మేనేజరు ఒకటే సంబరం. ఇక ఆటను ఆపబోమన్నారు.

ఆ మర్నాడు అత్తమ్మ న్యాల్‌కల్ పోవాలి. దవాఖాన నుంచి అప్పుడే ఇంటికొచ్చిన చెల్లెల్ని చూడాలని నాలుగు రోజులుగా ఆరాటపడుతోంది. బస్సు టైము దాటిపోయింది. అత్తమ్మ మాత్రం మంచి చీర కట్టుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, ఫోన్ పట్టుకుని కూర్చునే ఉంది.

"అయ్యో, బస్సు పోయింది కదా!"

"నాకెర్క లేదా? పోయొస్త అని నొక్కినప్పుడల్ల, నాకెవలున్నరు అంటుండు బిడ్డా. పాపం, ఎట్ల ఇడిసి పోవాలె?"

తర్వాతి బస్సుకైనా అందుకోవాలని స్కూటీ మీద బస్టాండుకు తీసుకెళ్లాను. దారంతా నా నోరు ఊరుకోలేదు. "అక్కడ మనిషే లేడు అత్తమ్మా! అవన్నీ నేను ఇంట్లో కూర్చుని రాసిన మాటలు."

బస్సు ఎక్కబోతూ ఆగింది. "నువ్వే రాసినవా?"

"నేనే."

"గట్లయితే నీకు ఎవలు లేరా బిడ్డా? మేమంత లేమా?"

కండక్టర్ కసిరితే ఎక్కింది, బస్సు కదిలింది. ఎవరేమనుకుంటే నాకేం, బస్టాండులో నిలబడి ఏడ్చాను. తర్వాత మేనేజరుకు ఫోన్ చేసి ఆ మాట తీసేస్తున్నానని చెప్పాను.

"తీసేస్తే ఆట ఆగిపోతుంది. మీకు తెలుసు."

"తెలుసండీ."

ఆట ఆగిపోయింది. ఆ సాయంత్రం మా ఆయన ఫ్యాక్టరీ నుంచి వచ్చి బూట్లు విప్పుతుంటే, పక్కన కూర్చుని, పగలంతా ఈ ఇంట్లో నాకెలా ఉంటుందో పెళ్లయ్యాక మొదటిసారి చెప్పాను.