ఎంగిలి చెయ్యీ, మా చిన్నాన్న బఫే

ఇప్పుడంటే ఆదివారం వస్తే చాలు, ఇంట్లో పొయ్యి ముట్టించడం మహాపాపమన్నట్టు కుటుంబాలకు కుటుంబాలే హోటళ్ళ ముందు బారులు తీరుతున్నాయి గానీ, తొంభైలలో మా మదనపల్లెలో మధ్యాహ్నం పూట బయట భోంచేయడమంటే ఇంట్లో ఏదో గొడవైందని అర్థం. హోటల్లో చెయ్యి కడుక్కుంటున్న మగవాడు తెలిసినవాళ్ళ కంటబడితే, "ఏందప్పా, అక్క పుట్టింటికి పోయుండాదా?" అని జాలిగా అడిగేవాళ్ళు. అతను లేదంటే ఇంకా ఎక్కువ జాలిపడేవాళ్ళు. పెళ్ళాం పిల్లల్ని వెంటబెట్టుకుని, ఆకలున్నా లేకపోయినా సరదా కోసం పోయి తినే విద్య ఇంకా మా కొండలెక్కి రాలేదు. దాన్ని బెంగుళూరు నుంచి బస్సులో మోసుకొచ్చిన మహానుభావుడు మా చిన్నాన్న.

చిన్నాన్న బెంగుళూరులో ఒక పెద్ద హోటల్లో చాలా ఏళ్ళు సామాన్ల గది చూసుకున్నాడు. ("హోటల్ లైన్లో ఉంటిని" అని చెప్పుకునేవాడు. బియ్యం బస్తాల మీద పడుకుని నిద్రపోవడం కూడా హోటల్ లైనే కదా!) తిరిగొచ్చి, బస్టాండుకు కాస్త ఇవతల రెండు గదులు బాడుగకు తీసుకుని, అద్దాల తలుపు బిగించి, ఫ్యామిలీ రెస్టారెంట్ అని బోర్డు రాయించాడు. దాని కింద ఎర్రరంగులో ఇంకో వరుస: "ఆదివారం స్పెషల్ బ్రంచ్ బఫే". అది చదివి లోపలికొచ్చిన మొట్టమొదటి మనిషి, బైరెడ్డిపల్లె నుంచి మండీకి టమోటాలు తోలుకొచ్చిన ఒక రైతు. బ్రంచ్ అంటే ఏందప్పా అన్నాడు. చిన్నాన్న గొంతు సవరించుకుని, పొద్దున టిఫిను మానేసి, మధ్యాహ్నం భోజనం దాకా ఆగకుండా, రెండిటికీ నడుమ పదిన్నర పదకొండుకు తీరిగ్గా తినేదని, దాన్ని దొరలు కనిపెట్టారని విడమరిచి చెప్పాడు. రైతు అంతా శ్రద్ధగా విన్నాడు. "మేము దినామూ అదే కదప్పా చేస్తాండేది! తెల్లారి మడికాడికి పోతే సంగటి ముద్ద వొచ్చేది ఆ పొద్దుకే. దానికి బోర్డు యాల?" అని, ఒక గ్లాసు నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

నేను అప్పుడే డిగ్రీ ముగించి, చౌడేపల్లెలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. మా నాయన ఎదురుచూసేవాడు కాదు. "ఆవులు డిగ్రీ అడగవు లేరా, పాలచెంబెత్తుకో" అనేవాడు రోజూ. ఆ చెంబు నుంచి నన్ను కాపాడినవాడు చిన్నాన్నే. మేనేజరు కావాలి, చదువుకున్నవాడు కావాలి, జీతం అడగనివాడు కావాలి. మూడూ నాలోనే కుదిరాయి. బెంగుళూరు నుంచి తెచ్చిన ఎర్రటి ఎలాస్టిక్ టై ఒకటి నా మెడకు తగిలించి, షరతు కూడా అప్పుడే చెప్పాడు. "ఒక్క ఆదివారం బఫే గట్టెక్కించినావా, నువ్వు మేనేజరువి. లేదా, సోమవారం పొద్దన్నే చౌడేపల్లె బస్సు." మా అమ్మేమో అప్పటికే "మావోడు మేనేజరు" అని వీధి వీధంతా చెప్పేసింది. ఇక ఆ బస్సు ఎక్కాల్సివస్తే మా ఊరి దాకా పోకుండా నడుమ పుంగనూరులోనే దిగి అక్కడే బతకాలని తీర్మానించుకున్నాను.

ఆ ఒక్క ఆదివారం రానే వచ్చింది. టమోటా మండీ యజమాని (ఊరంతా మండీ మామ అనేవాళ్ళం) కూతురికి కుప్పం సంబంధం ఖాయమయ్యేట్టుంది. అబ్బాయి తరఫు వాళ్ళు మాటలకు వస్తున్నారు. "కుప్పమోళ్ళు రైలెక్కితే బెంగుళూర్లో దిగే మనుషులప్పా, వాళ్ళ ముందర మన పల్లెతనం కనబడకూడదు. నీ బఫేనే పెట్టు" అని మామ చిన్నాన్నకు పురమాయించాడు. చిన్నాన్న పొంగిపోయాడు. గోడవారగా బల్లలు పరిచి, గిన్నెలు వరసగా పెట్టి, వాటి కింద చల్లారకుండా చిన్న చిన్న దీపాలు వెలిగించాడు. పులావు, గోబీ మంచూరియా, ఓళిగలు (అదే, బొబ్బట్లు), చారు, పెరుగన్నం. ఎందుకైనా మంచిదని మావైపు పితికిపప్పు (నానబెట్టి తొక్క పితికిన అనపగింజల) కూర కూడా. నాకు మాత్రం ఒకటే ఉపదేశం: "నువ్వు నవ్వుతా నిలబడు, అంతే. గరిటె ముట్టుకున్నావంటే సంపుతా. వడ్డిస్తే అది బఫే కాదురా, ఉత్త మీల్స్ అయిపోతాది!"

కుప్పం వాళ్ళు వచ్చారు. ముందు నడిచిన మనిషి పెళ్ళికొడుకు అవ్వ. ఆమె గిన్నెల కింద దీపాలు చూసి చెప్పులు బయటే విడిచి వచ్చి, "పూజ అయిపోయినాదా నాయనా?" అంది. మిగతావాళ్ళు, నలుగురేసి కూర్చునేలా చిన్నాన్న సర్దిన కుర్చీలన్నీ లాగి, గోడకు ఒక్క వరసగా వేసుకుని, పంక్తిలో కూర్చున్నట్టు కూర్చుని ఎదురుచూడసాగారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. వాళ్ళూ నన్ను చూసి నవ్వారు. కాసేపటికి రెండువైపులా నవ్వులు అయిపోయాయి. మండీ మామ దగ్గాడు. ఇక లాభం లేదని, ఇంగ్లీషు మీడియం గొంతు తెచ్చుకుని, "దయచేసి లేచి, ప్లేట్లు తీసుకుని, ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలండీ" అన్నాను.

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఏం నాయనా, రమ్మని పిలిసి, నా తట్ట నేనే ఎత్తుకోని గిన్నె గిన్నెకాడా నిలబడాల్నా? మేము సంబంధానికి వొచ్చినామా, బిచ్చానికి వొచ్చినామా?" మండీ మామ పాపం గభాలున లేచి తానే ముందు ప్లేటు పట్టుకున్నాడు. అవ్వ కొడుకు, అంటే మామకు కాబోయే వియ్యంకుడు, మర్యాద తెలిసిన మనిషి గనుక తనూ లేచాడు. ఆయన్ని చూసి మిగతావాళ్ళూ లేచారు. అవ్వకు ఎవరో తెచ్చిపెట్టారు. వంటింటి కిటికీలోంచి చిన్నాన్న నాకు బొటనవేలు చూపించాడు. గట్టెక్కామనుకున్నాను. ఒట్టి అమాయకుణ్ణి.

అసలు కథ రెండోసారి పెట్టుకునేటప్పుడు మొదలైంది. వియ్యంకుడికి పితికిపప్పు కూర తెగ నచ్చింది. ప్లేటు ఖాళీ చేసి, ఉత్సాహంగా లేచి గిన్నె దాకా వెళ్ళి, ఆగిపోయాడు. కుడి చేతికి మోచేతి దాకా పప్పు. ఎంగిలి చెయ్యి అందరి గరిటెకు ఎలా తగిలించడం? ఎడమ చేత్తో వడ్డించుకుందామా అంటే శుభకార్యం మాటల నాడు, వియ్యాలవారి ఎదుట, ఎడమ చేత్తో అన్నమా! ఆయన ఒక చేతిని చూసుకుని, రెండో చేతిని చూసుకుని, పప్పును చూశాడు. వరసంతా తినడం ఆపేసి ఆయన్నే చూస్తోంది. "ఒరే, ఎంగిలి చెయ్యిరా, గరిటెకు తగిలేను!" అని అవ్వ కేకేసింది. సరిగ్గా అప్పుడు చిన్నాన్న వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "ఏం ఫర్వాలేదు సార్, చెయ్యి కడుక్కోని రండి" అన్నాడు.

అయిపోయింది. మావైపు నడి భోజనంలో చెయ్యి కడగమనడమంటే ఇంక తిన్నది చాలు, లేచి పొండి అని చెప్పినట్టే. వియ్యంకుడి మొహం మాడిపోయింది. "అంటే మేము లెయ్యాల్నా?" అన్నాడు మెల్లగా. వరసలో ఒక్కొక్క చెయ్యే ప్లేటు మీంచి పైకి లేచింది. మండీ మామ నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నాకు మాత్రం చౌడేపల్లె బస్సు హారను వినిపిస్తోంది.

అప్పుడు నేనేం ఆలోచించలేదు. వంటింట్లోకి దూరి, పప్పు బకెట్టు ఒకటి, గరిటె ఒకటి పట్టుకుని బయటికొచ్చాను. చౌడేపల్లె పెళ్ళిళ్ళలో చిన్నప్పటినుంచీ చేసిన పనే కదా! "కూసోండప్పా, కూసోండి. లెయ్యమన్నోళ్ళెవురు? అవ్వా, నువ్వు ఏమీ తినలా, చెయ్యి తీయి" అంటూ వరస వెంబడి వంగి వడ్డించుకుంటూ పోయాను. వియ్యంకుడు కూర్చున్నాడు. పప్పు అయ్యాక ఓళిగలు తెచ్చి, వద్దు వద్దని చేతులు అడ్డం పెట్టినవాళ్ళ వేళ్ళ సందుల్లోంచి జార్చాను. వెనకనుంచి చిన్నాన్న "ఒరే, వడ్డించొద్దురా! బఫేరా అది, బఫే!" అని బుసకొడుతూనే ఉన్నాడు. చారు బకెట్టు తెచ్చి పోయడానికి వంగితే టై కాస్తా అందులో మునిగింది. అవ్వ చూసి, "నాయనా, నీ గొంతులో ఏలాడేది సారులో పడతాండాది. తీసి ఆడ పారెయ్" అంది. తీసి పారేశాను. "ఈ పిల్లోడు ఎవురు?" అని మండీ మామను అడిగింది. మేనేజరని చెప్పాడాయన. "మేనేజరంటే వడ్డించేవోడా? మంచి పనే" అని అవ్వ నిండుగా తేన్చింది.

సంబంధం ఖాయమైంది. పోతూ పోతూ వియ్యంకుడు చిన్నాన్న చేతులు పట్టుకుని, "బఫే అంటే ఏందో అని బయపడి వొస్తిమప్పా. మన వడ్డనే కదా! శానా బాగుండాది" అన్నాడు. చిన్నాన్న ఆ మాట తన నోటినుంచే పుట్టినట్టు తలాడించాడు. మర్నాటికి బోర్డు మీద ఇంకో వరుస చేరింది: "ఇచ్చట బఫే కూర్చోబెట్టి వడ్డించబడును". మదనపల్లెలో దాన్ని చూసి నవ్వినవాడు ఒక్కడు లేడు సరికదా, కొన్నాళ్ళకు పుంగనూరులో ఇంకెవరో కూడా అదే రాయించారని విన్నాం. నేను మేనేజరునయ్యాను. టై మాత్రం వంటింట్లో మేకుకు వేలాడుతూ, వేడి గిన్నెలు దించడానికి బాగా పనికొచ్చింది.

ఆ హోటలూ, ఆ బోర్డూ పోయి చాలా కాలమైంది. చాలా ఏళ్ళ తర్వాత, ఆ పెళ్ళికూతురి కూతురికి కుప్పంలో ఓణీల ఫంక్షను చేస్తే వెళ్ళాను. ఈసారి అచ్చమైన బఫే. అందరితో పాటు నేనూ ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డాను, రెండోసారికి ఎడమ చేత్తోనే గరిటె పట్టి పెట్టుకున్నాను. ఎవరూ పట్టించుకోలేదు, నేను కూడా. మళ్ళీ తినబోతూ చూస్తే గోడ పక్కన కుర్చీలో ఒక ముసలాయన ఒళ్ళో ఖాళీ ప్లేటు పెట్టుకుని, పప్పు ఎండిపోతున్న కుడి చేతినీ, దూరంగా ఉన్న గిన్నెలనూ మార్చి మార్చి చూస్తున్నాడు. ఆ వియ్యంకుడే. అవ్వ లేదు, కేకేసి చెప్పేవాళ్ళు లేరు. ప్లేటు పక్కన పెట్టి, చెయ్యి కడుక్కుని, పప్పు గిన్నే గరిటే ఎత్తుకుని నడిచాను. కేటరింగ్ సూపర్‌వైజరు, మెడలో టైతో సహా, అడ్డమొచ్చి "సార్, ఇది బఫే సార్, వడ్డించకూడదు" అన్నాడు. "తెలుసప్పా, నేను కూడా మేనేజరుగా చేసినోణ్ణే" అని పక్కకు తప్పుకుని వెళ్ళాను. ముసలాయన నన్ను గుర్తుపట్టలేదు గానీ గరిటెను గుర్తుపట్టాడు. మొహం వెలిగిపోయింది. ఒక గరిటె వేయగానే మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టి, "సాలు నాయనా, సాలు" అన్నాడు. ఆ వేళ్ళ సందుల్లోంచే ఇంకో గరిటె వేశాను.