తొట్టి మూత దగ్గర జకర్యా

కళ్లెదుట తమ్ముణ్ణి చావనిచ్చినవాడని మెట్టుగూడ జకర్యా గురించి నేటికీ అనేవారున్నారు. ఆయన లేడు, ఆ మాట మొదట అన్న మనిషీ లేదు. కాబట్టి సాక్ష్యాన్ని ఇప్పుడు బయటపెట్టవచ్చు.

జకర్యా పడుచుతనంలో బొంబాయి రేవులో పనిచేశాడు. మరమ్మతు కోసం ఓడను డ్రై డాక్‌కు, అంటే నీళ్లు తోడేసిన మరమ్మతు రేవుకు, చేర్చే ముందు, దాని అడుగున ఉండే నీటి తొట్లను ఖాళీ చేసి, మూతలు తెరిచి, గాలి ఆడించే ముఠాలో ఆయనొకడు. మూసి ఉంచిన ఇనుప తొట్టిలో తుప్పు ప్రాణవాయువును తినేస్తుంది. వాసన రాదు. దిగినవాడు కూలిపోతాడు, వాణ్ణి చూసి దూకినవాడూ కూలిపోతాడు. అందుకే ముందు దీపం దింపాలి; అది ఆరితే దిగకూడదు. మూత దగ్గర తాడు పట్టుకుని ఒక మనిషి ఉండాలి. ఏమి జరిగినా అతడు లోపలికి దూకకూడదు.

సికింద్రాబాద్‌కు తిరిగివచ్చి రైల్వేలో చేరాక ఈ తెలివితో ఆయనకు పని పడలేదు.

1948 సెప్టెంబరులో, భారత సైన్యం హైదరాబాదు వైపు వస్తున్న రోజుల్లో, రైల్వే పడుచువాళ్లను రజాకార్లు పట్టుకుపోతున్నారన్న పుకారు మెట్టుగూడకు చేరింది. జకర్యా తమ్ముడు లూకా ఒక ఉదయం, మూతబడిన గుత్తేదారు ఆవరణలో ఏళ్లుగా వాడని ఇనుప నీళ్లతొట్టిలోకి దిగాడు. అన్నకు చెప్పలేదు. పైనుంచి మూత వేసింది అతని భార్య దేవకృప. చప్పుడు చేయవద్దని ముందే చెప్పింది. చప్పుడు రాలేదు. ఆమె ఇంటికి వచ్చి వంట చేసింది.

సాయంకాలం, నిజాం సైన్యం లొంగిపోయిందని రేడియోలో చెప్పారు. దేవకృప పరుగున వెళ్లి మూత తీసి పిలిచింది. లూకా పలకలేదు. ఆమె కేకలకు జకర్యా, పొరుగింటి ఫిట్టర్ పర్వతాలు, మరికొందరు చేరారు. పర్వతాలు అంగీ విప్పి దిగబోయాడు. జకర్యా మూత తీసిన కన్నానికి అడ్డంగా కూర్చున్నాడు.

“లాంతరు తేండ్రి. కమ్మరి తిత్తులు తేండ్రి.”

“ఏందీ జకర్యన్నా, దీపం పెట్టి పూజ చేస్తవా? లోపట ఉన్నది నీ తమ్ముడే! జరుగు!”

“నా తమ్ముడే. నువ్వు సుత పడితే ఇద్దరిని గుంజాలె.”

“నీది గుండె గాదన్నా, రాయి.”

తాడు కట్టి దింపిన లాంతరు సగం లోతుకు పోకముందే ఆరిపోయింది. పర్వతాలు తిత్తులు అందుకున్నాడు. తిత్తులతో, గొట్టం గుండా చాలాసేపు గాలి కొట్టారు. దీపం అడుగున నిలిచి వెలిగాక జకర్యా తాడు కొసను పర్వతాలు చేతికిచ్చి తానే దిగాడు. తమ్ముణ్ణి కట్టి పైకి పంపి, వెనక తానూ ఎక్కివచ్చాడు.

“దీపం పెట్టుకుంట కూసున్నవ్ బావా,” అన్నది దేవకృప అందరి ముందు. “గంతల్నే పాణం పోయింది.”

జకర్యా తమ్ముడి ఒంటికున్న తాడు విప్పాడు.

ఆ మాటకు బదులు ఆయన దగ్గర ఉంది. పైకి తీసేసరికి లూకా దవడ, చేతులు కట్టెలా బిగుసుకుని ఉన్నాయని పర్వతాలు నాతో చెప్పాడు. అలా బిగుసుకోవడానికి గంటలు పడుతుంది. కనుక లూకా పోయింది దీపం దింపినప్పుడు కాదు. ఉదయం, దిగిన కాసేపటికే. ఈ నిజం జకర్యాను నిర్దోషిగా తేలుస్తుంది. అదే నిజం వల్ల నింద మూత వేసిన చేతుల మీదికి పోతుంది. ఆమె తెలియక చేసింది. అది నేరం కాదు. అయినా ఆయన నోరు విప్పలేదు, పర్వతాలును విప్పనివ్వలేదు.

ఏళ్ల తరబడి దేవకృప ఆయనతో మాట్లాడలేదు. ఆయన పంపిన బియ్యం మాత్రం తీసుకునేది. ఒక వేసవిలో చర్చి ఆవరణలోని పాతబావి పూడిక తీయడానికి రాములు అనే కూలీ నడుముకు తాడు కట్టుకున్నాడు. తాడు కొస జకర్యా చేతిలో ఉంది. దేవకృప ఇంటి నుంచి వెలుగుతున్న లాంతరు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

“నేను మూత పెట్టినప్పుడు సుత ఆయన పలకలే బావా.”

జకర్యా లాంతరును బావిలోకి దింపాడు.

“జెర వంగి చూడమ్మా. దీపం ఉన్నదా?”

“ఉన్నది.”

“ఐతే వాణ్ణి దిగుమను.”