పడవవాడి దగ్గర ఆగిపోయిన ఆట

ఈరోజు ఉదయం ఒక పెద్దావిడ ఎన్నో ఏళ్లుగా దాచుకున్న ఆలోచనను ఒక్క మాటతో పాడు చేశాను. కావాలని చేసింది కాదు. కానీ కావాలని చేయనంత మాత్రాన తప్పు చిన్నదైపోదని ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతుంటే తెలిసింది.

అది జరగడానికి కాసేపటి ముందు, ఆవిడ ముందుగదిలో పెట్టిన నా ల్యాప్‌టాప్‌లోంచి ఒక శబ్దం వచ్చింది. పాతకాలపు ఇంటి కంప్యూటర్ క్యాసెట్ మీదున్న ఆటను చదువుకునేటప్పుడు వచ్చే శబ్దం. ముందు సన్నగా సాగే కూత, ఆపైన రేకుల కప్పు మీద ఇసుక పోస్తున్నట్టు గరగర. సలోమి టీచర్ వంటింట్లో ఉన్నారు. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చి, "ఒరేయ్ శీనా, అది మన పెట్టె గొంతు కదంట్రా?" అన్నారు. ఆ క్షణంలో ఆవిడ ముఖం ఎలా వెలిగిందో చూశాను. చూసి కూడా తర్వాత ఆ పని చేశాను.

ఆవిడ ఎవరో చెప్పాలి. సూళ్లూరుపేటలో రైల్వే స్టేషన్‌కు వెళ్లే దారిలో, ఒక మేడ మీద టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. లోయరు, హయ్యరు పరీక్షలకు కట్టేవాళ్లు చాలామంది ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు. ఆ మేడ కింది వాటాలో మేముండేవాళ్లం. ఒక వేసవిలో, ఓడల మీద పనిచేసే ఆవిడ తమ్ముడు రబ్బరు మీటలున్న ఒక చిన్న నల్ల పెట్టె తెచ్చి ఇచ్చి వెళ్లాడు. దాన్ని టీవీకి తగిలించి, టేప్‌రికార్డర్‌కు ఇంకో తీగ కలిపితే కంప్యూటర్ అయ్యేది. మధ్యాహ్నం బ్యాచ్ వెళ్లిపోయాక టైపు మిషన్ల మీద గుడ్డలు కప్పి, నన్నూ పక్కింటి మస్తాన్‌నీ పైకి పిలిచేవారు. మొదటిసారి ఆ కూత విని మస్తాన్, "టీచర్, లోపల ఎవురో పిల్లిని తొక్కినారు" అన్నాడు. "తొక్కితే తొక్కినారు, నువ్వు మాత్రం బల్ల కదిలించబాక. కదిలిందంటే మళ్లా మొదట్నించి ఎక్కించాల" అన్నారు టీచర్. మేం ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం.

ఆ ఆటలో బొమ్మలు లేవు. ఈ మాట ఇప్పటి పిల్లల చేత నమ్మించడం కష్టం. నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు వాక్యాలు, వాటి కింద మిణుకుమనే ఒక గీత. నువ్వొక దీవి ఒడ్డున ఉన్నావు, ఉత్తరాన లైట్‌హౌస్ ఉంది, ఇసుకలో లాంతరు పడి ఉంది. ఇప్పుడేం చేస్తావు? అంతే. ఏం చేయాలో రెండు ముక్కల్లో టైపు చేస్తే అది బదులు చెప్పేది, లేదా అర్థం కాలేదనేది. టీచర్ ఆ వాక్యాలు చదివి మాకు తెలుగులో చెప్పేవారు. ఆవిడ చెబుతుంటే ఆ దీవి పులికాట్ సరస్సు మధ్యకు వచ్చేసేది. లైట్‌హౌస్ మెట్ల మీద ఎండుచేపల వాసన వేసేది. ఇవాళ మళ్లీ చూస్తే అసలు ఆటలో ఆ వాసన లేనే లేదు.

దారులు గుర్తుండటానికి గచ్చు మీద సుద్దముక్కతో చుక్కలు పెట్టేవాళ్లం. ఒక్కో చుక్క ఒక్కో చోటు, చుక్కకూ చుక్కకూ మధ్య గీస్తే దారి. కొడుకును వెతుక్కుంటూ పైకి వచ్చిన మస్తాన్ వాళ్లమ్మ అది చూసి, "ఎండాకాలంలో ఏం ముగ్గు టీచరమ్మా ఇది?" అంది. "ముగ్గు గాదమ్మా, గుహ. నువ్వు నిలబడుండేది పాముల గదిలో" అన్నారు టీచర్. ఆమె నిజంగానే కాలు వెనక్కి తీసుకుంది.

తనకు ముందే తట్టినా టీచర్ మాకు జవాబు చెప్పేవారు కాదు. ఒకసారి లైట్‌హౌస్ పైగదిలో నాకు విసుగొచ్చి, "ఇక్కడేం లేదు టీచర్, పోదాం" అన్నాను.

"ఏం లేదని నీకెవురు చెప్పినారు?"

"ఖాళీ గది అని రాసుండాది కదా."

"గది ఖాళీ, సరే. గోడ చూసినావా? కిటికీ చూసినావా? నేల చూసినావా? అడక్కుండానే లేదంటే ఎట్రా?"

నేల చూడమని టైపు చేశాం. ఒక పలక కదిలింది, దాని కింద తాడు ఉంది. మస్తాన్ గంతులేశాడు. నేను మాత్రం ఆ తాడు అంతసేపూ అక్కడే ఉందన్న సంగతి దగ్గర ఆగిపోయాను. మనం చూడకపోయినా వస్తువులు ఉంటాయని, అడిగితే బయటకు వస్తాయని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు మా అటకనూ, కుట్టుమిషన్ సొరుగునూ, వీధి పంపునూ కూడా అలాగే చూస్తూ తిరిగాను. ఇప్పుడు నా ఉద్యోగం చెన్నైలో, ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతకడం. రోజూ రైలెక్కి వెళ్లి నేను చేసేది ఆ నేల చూడటమే.

అయితే ఆవిడ దగ్గర నేను సగమే నేర్చుకున్నాను. వెతకడం వచ్చింది, దొరికేదాకా ఆగడం రాలేదు. ఆఫీసులో ఎవరైనా సమస్య చెప్పడం మొదలుపెడితే సగంలోనే జవాబు అందిస్తాను. "నా మాట నన్ను పూర్తి చేయనివ్వవా?" అని నా భార్య ఎన్నిసార్లు అడిగిందో. దాన్ని నా చురుకుదనం అనుకునేవాణ్ణి. తెలియకుండా కూర్చోవడం నాకు చేతకాదని, అందుకే చెయ్యి ఫోను మీదికి పోతుందని ఒప్పుకోవడానికి ఇవాళ్టిదాకా పట్టింది.

ఆటలో గుహ చివర నీళ్లు వస్తాయి. నీళ్ల ఒడ్డున పడవ, పడవలో ఒకడు. వాడు మాట్లాడడు. ఎక్కబోతే తల అడ్డంగా ఊపుతాడు. నాణెం ఇచ్చాం, గంట ఇచ్చాం, కత్తి చూపించాం. తల అడ్డంగానే ఊపాడు. "వీడు మీకన్నా గట్టోడు టీచర్, ఫీజు కడతామన్నా చేర్చుకోడు" అన్నాడు మస్తాన్. వానలు మొదలయ్యేసరికి ఉప్పుగాలికి మీటలు పనిచేయడం మానేశాయి. ఆ పెట్టెను బాగుచేసేవాళ్లు ఊళ్లో లేరు. ఆట పడవవాడి దగ్గరే ఆగిపోయింది.

మస్తాన్ మరిచిపోయాడు. టీచర్ మరవలేదు. కూరగాయల అంగట్లో కనిపించినా, చర్చి బయట కనిపించినా కొత్త ఉపాయం ఒకటి చెప్పేవారు. నా పెళ్లిలో అక్షింతలు వేస్తూ వంగి, "శీనా, వాడి ముందర గంట కొడితే?" అన్నారు. "ఇప్పుడా టీచర్?" అన్నాను. పెళ్లికూతురు మా ఇద్దరినీ అనుమానంగా చూసింది.

ఆ ఆట ఈమధ్య ఇంటర్నెట్‌లో కనబడింది. ఇవాళ ఆదివారం కదా, ఆవిడకు చూపిద్దామనుకున్నాను. తీసుకెళ్లేముందు, సరిగ్గా పనిచేస్తుందో లేదో చూసే నెపంతో, చివరిదాకా ఎలా ఆడాలో ఎవరో రాసిపెట్టింది చదివేశాను. చదవాల్సిన అవసరమే లేదు.

టీచర్ కళ్లజోడు పెట్టుకుని దారులన్నీ గుర్తుమీదే టైపు చేస్తూ పోయారు. నేలపలక, తాడు, పాముల గది. చివరికి పడవవాడు వచ్చాడు. ఆవిడ వేళ్లు మీటల మీద ఆగాయి.

"ఒక్కటి ఉండాదిరా. పెట్టె చెడిపోయినాక తట్టింది, ఎవురికీ చెప్పలా. లాంతరు సంగతి. ఉండు, సరిగ్గా గుర్తు తెచ్చుకోనీ" అన్నారు.

ఆ 'ఉండు' అన్న మాటకు నేను ఉండి ఉంటే సరిపోయేది.

"అన్నీ కింద పెట్టేయాలి టీచర్, లాంతరు కూడా. బరువుకి పడవ మునుగుతుందని వాడి భయం" అన్నాను.

ఇలాంటి ఆటలు ఆడినవాళ్లెవరూ దొరికిన వస్తువును వదలరు. గుహలో లాంతరు వదలడమంటే చావే అనుకుంటారు. మేం అక్కడ ఇరుక్కుపోయింది అందుకే. ఆవిడ చేతులు మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"చూసొచ్చినావా?"

"ఊరికే, పనిచేస్తుందో లేదో అని..."

"కింద పెట్టాలనే అనుకున్నానో, వాడి చేతికియ్యాలనుకున్నానో. నువ్వు చెప్పినాక ఇంక అదే అనిపిస్తుండాది. నాకు తట్టింది అదో కాదో ఇంక నాకెట్ట తెలస్తాది?"

కోప్పడలేదు. "కాఫీ చల్లారతాది, తాగు" అన్నారు. నేను చెప్పినట్టే టైపు చేశారు. పడవ కదిలింది, తెర నిండా అభినందనలు వచ్చాయి. ఆవిడ వాటిని తెలుగులో చెప్పలేదు.

మధ్యాహ్నం ఫోన్ చేసి క్షమించమని అడుగుదామనుకున్నాను. అడిగితే ఆవిడ పోనీలే అంటారు, నాకు హాయిగా ఉంటుంది. ఆవిడకు మాత్రం ఏమీ తిరిగి రాదు. ఆవిడ దగ్గర్నుంచి నేను తీసేసుకున్నది జవాబు కాదు, జవాబు తెలియని చోటు. అలాంటి చోటు ఇంకొకటి వెతికి ఇవ్వడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

సాయంత్రం మళ్లీ వెళ్లాను. అదే కాలంనాటి ఇంకో ఆట, ఇద్దరికీ తెలియనిది, ల్యాప్‌టాప్‌లో ఎక్కించాను. పేరు తప్ప దాని గురించి ఒక్క ముక్క చదవలేదని చెప్పాను.

"నమ్మేదెట్ట?" అన్నారు.

ఫోను తీసి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చి, "ఆట అయ్యేదాకా ఇది నా దగ్గరే. మీ ఆవిడ అడిగితే టీచర్ గుంజుకునిందని చెప్పు" అన్నారు. తర్వాత కళ్లజోడు సర్దుకుని తెర మీది మొదటి వాక్యం చదివి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు.

దీపాలు పెట్టే వేళకు ఒక పాడుబడ్డ ఇంటి పెరట్లో, మూత వేసిన బావి దగ్గర ఇరుక్కుపోయాం. మూత ఎత్తలేకపోయాం, జరపలేకపోయాం, పగలగొట్టలేకపోయాం. టీచర్ నావైపు తిరిగి, "నీకు తెలుసా?" అని అడిగారు. తెలియదన్నాను. అబద్ధమేమోనని నా ముఖంలోకి చాలాసేపు చూశారు. "సరే, రేపు పన్నించి వచ్చినాక రా. ఈలోపల ఎవురికి తడితే వాళ్లు నోరు మూసుకోనుండాల" అన్నారు.

ఆ బావిలో ఏముందో ఇది రాస్తున్నప్పటికి నాకు తెలియదు.